పాత 407కు కరెంటు ఫ్యాన్లు పెట్టించిన నా అనుభవం

మా లారీ 1990ల చివర్లో తయారైన టాటా 407. ఈ రకం బండ్లు 1986లో మొదటిసారి రోడ్డెక్కాయి. నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కటి 97 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం) కాబట్టి ఇంజనుకు 497 అన్న పేరు స్థిరపడింది. కోనసీమలో అంబాజీపేట, కొత్తపేట చుట్టుపక్కల తోటల నుంచి కొబ్బరికాయలు, రావులపాలెం మార్కెట్టుకు అరటి గెలలు, సార్వా దాళ్వా కోతల్లో ధాన్యం బస్తాలు మోయడం దాని పని. ఓనరునూ నేనే, చాలా రోజులు డ్రైవరునూ నేనే. ఇంజను నల్లపొగ వదలదు, ఆయిలు తాగదు, పొద్దున్నే ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది. అయినా ఎండాకాలంలో లోడుతో కాలువ గట్టు మీద నెమ్మదిగా వస్తుంటే హీట్ మీటరు ముల్లు ఎర్ర గీత వైపు జరగడం, హైవే ఎక్కిన కాసేపటికే తిరిగి కిందికి దిగడం ఏళ్ళ తరబడి చూస్తూ వచ్చాను.

వేడెక్కే బండి ఏదైనా ముందు లోడు మీద, వేగం మీద వేడెక్కాలి. మాది నెమ్మదిగా పోతున్నప్పుడు వేడెక్కి, వేగంగా పోతున్నప్పుడు చల్లబడుతోంది. ఆ ఒక్క లక్షణమే కారణం ఎక్కడుందో చెబుతోంది. ఈ బండిలో ఫ్యాను, ఇంజనులో నీళ్ళు తిప్పే వాటర్ పంపు హబ్బుకు (ముందుకు వచ్చిన ఇరుసు భాగానికి) బోల్టులతో బిగించి ఉంటుంది. బెల్టు పంపును తిప్పితే పంపుతో పాటు ఫ్యానూ తిరుగుతుంది. ఇంజను వేగం పెరిగితే ఫ్యాను వేగం పెరుగుతుంది, ఇంజను మెల్లగా తిరిగితే ఫ్యానూ మెల్లగానే తిరుగుతుంది. హైవే మీద బండి పరుగుకే రేడియేటర్‌కు ఎదురుగాలి కావలసినంత తగులుతుంది, అక్కడ ఫ్యాను చేసే ఉపకారం చాలా తక్కువ. కాలువ గట్టు మీద సంగతి వేరు. ఒక పక్క కాలువ, రెండో పక్క పల్లంలో చేను, ఎదురుగా ట్రాక్టరు వస్తే ఆగాలి, లాకుల దగ్గర మలుపు తిరగాలి, తోటలోకి దిగాక కాయ ఎక్కించేంతవరకు ముందుకీ వెనక్కీ జరుపుతూ ఉండాలి. రెండో గేరులో, మూడో గేరులో, ఇంజను సగం వేగం కూడా అందుకోని చోట రేడియేటర్‌కు గాలి కావాలి. సరిగ్గా అక్కడే ఫ్యాను బద్ధకంగా తిరుగుతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఫ్యాను వేగం రెట్టింపు అయితే అది లాగే గాలి సుమారుగా రెట్టింపు అవుతుంది, కాని దాన్ని తిప్పడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అంటే నిమిషానికి 1,500 చుట్ల దగ్గర ఫ్యాను తీసుకునే శక్తికి 3,000 చుట్ల దగ్గర ఎనిమిదింతలు ఇంజను నుంచి పోతుంది, అది కూడా ఎదురుగాలి పుష్కలంగా ఉన్న హైవే మీద. ఇది తయారీలో లోపమని నేను అనను. బెల్టుతో తిరిగే ఫ్యానులో కాలిపోయే మోటారు లేదు, తెగిపోయే వైరు లేదు, మారుమూల ఊరిలో కూడా దాన్ని నమ్ముకోవచ్చు. మన రోడ్లకూ మా బండి చేసే పనికీ అది సరిపడలేదు, అంతే.

దాళ్వా కోతలు ముగిసి, కాలువలు కట్టేసి, కిరాయిలు పలచబడిన రోజుల్లో పని మొదలుపెట్టాను. కరెంటు ఫ్యాన్ల ఆలోచన చెబితే మా రేడియేటర్ మేస్త్రిగారు నన్ను ఆపి, "గాలి సంగతి తరవాత చూద్దామండీ, ముందు లోపల నీళ్ళు తిరుగుతున్నాయో లేదో తేల్చుకోండి," అన్నారు. ఈ మార్పు చేయించుకోవాలనుకునే ప్రతి ఒక్కరికీ నేను మొదట చెప్పేది ఈ మాటే. పూడిపోయిన రేడియేటర్‌కు ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా వేడి తగ్గదు, ఖర్చు మాత్రం మిగులుతుంది.

మాది పాత పద్ధతి రేడియేటర్. ఇత్తడి గొట్టాలు, రాగి రెక్కలు, టంకంతో అతికించిన పై ట్యాంకు, కింది ట్యాంకు. మేస్త్రిగారు గ్యాసు మంటతో టంకం కరిగించి కింది ట్యాంకు ఊడదీయగానే అడుగున వేలి మందంలో ఎర్రటి ఒండ్రు గడ్డకట్టి కనిపించింది. గోటితో గీకితే పెచ్చుగా లేచి వచ్చింది, వేళ్ళ మధ్య నలిపితే సన్నని ఇసుక తగిలింది. వరద రోజుల్లో గోదావరిలోకి ఎర్రనీరు వస్తుంది, అదే నీరు కాలువల్లో పారుతుంది, దారిలో రేడియేటర్ తగ్గితే కాలువలో డబ్బా ముంచి పోసుకోవడం ఇక్కడ లారీ నడిపే వాళ్ళందరికీ అలవాటే. అంతర్వేది, మలికిపురం వైపు పోతే సముద్రం దగ్గరవుతుంది, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీరు పోస్తే ఒండ్రుకు తోడు గొట్టాల లోపలి గోడలకు తెల్లటి పొర కడుతుంది. ఈ పొర పలుచగా ఉన్నా వేడిని లోహానికి చేరనివ్వదు. బయటి రెక్కల మధ్య వరి పొట్టు, గడ్డి తునకలు, పురుగులు ఇరుక్కుని ఉన్నాయి. ముందు నుంచి చూస్తే అవి కనబడవు, వెనక నుంచి దీపం వేసి చూస్తే వెలుతురు రాని చోట్లు కనబడతాయి.

ప్రతి గొట్టంలోనూ సన్నని పట్టీ దింపి శుభ్రం చేయించి, రెక్కలను ఇంజను వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్ళు కొట్టి కడిగించాను. ప్రెషర్ వాషింగు పంపు దగ్గర పెట్టి కొడితే రాగి రెక్కలు పడుకుండిపోతాయి, ఆ పని ఎవరూ చేయకూడదు. ప్రెషర్ మూత రబ్బరు గట్టిపడి ఉంటే కొత్తది వేశాం. లోపల ఒత్తిడి నిలిస్తేనే నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది కాబట్టి మూత చిన్న వస్తువే అయినా దాని పని పెద్దది. నింపేటప్పుడు సగం కూలెంటు, సగం డిస్టిల్డ్ వాటర్ పోశాం. నీళ్ళు గడ్డకట్టేంత చలి లేని ఊరిలో కూలెంటు ఎందుకని చాలామంది అడుగుతారు. అది తుప్పును ఆపుతుంది, మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది. మనకు ఆ రెండూ కావాలి.

రేడియేటర్ బాగుపడ్డాక పాత ఫ్యానుతోనే కొన్నాళ్ళు తిప్పి చూశాను. ముల్లు ఎర్ర గీతను తాకడం మానేసింది, గట్టు మీద పైకి పాకడం మాత్రం మానలేదు. అప్పుడు మిగిలిన లోటు గాలిదేనని స్థిరపడింది. ఈ మధ్య దశను దాటవేయకూడదు. ఒకేసారి రెండూ చేయిస్తే ఏది ఎంత పని చేసిందో తెలియదు, తరవాత తేడా వస్తే ఎక్కడ వెతకాలో కూడా తెలియదు.

ఫ్యాన్ల ఎంపికలో నా ముందు రెండు దారులు ఉండేవి. కొత్త 16 అంగుళాల ఫ్యాను ఒకటి కొనడం, లేదా పాత సామాన్ల వాళ్ళ దగ్గర డీజిల్ కారు నుంచి తీసిన జంట ఫ్యాన్లు తీసుకోవడం. నేను రెండోది ఎంచుకున్నాను. 11 అంగుళాల ఫ్యాన్లు రెండు కలిస్తే వాటి విస్తీర్ణం ఒక 16 అంగుళాల ఫ్యానుకు దాదాపు సమానం. దీర్ఘచతురస్రంగా ఉండే రేడియేటర్ కోరును (గొట్టాలు, రెక్కలు ఉండే భాగాన్ని) ఒక పెద్ద చక్రం కంటే రెండు చిన్న చక్రాలు మెరుగ్గా కప్పుతాయి. ఒకటి ఆగిపోయినా రెండోదాని సాయంతో ఇంటికి చేరవచ్చు. వీటన్నిటికంటే ముఖ్యం, మోటార్లు పంపు హబ్బుకు చెరో పక్కకు వస్తాయి. హబ్బుకూ రేడియేటర్‌కూ మధ్య ఉన్న ఖాళీ ఎక్కువేమీ కాదు, ఒకటే పెద్ద ఫ్యాను పెడితే దాని మోటారు తిన్నగా హబ్బు ఎదుటికే వచ్చేది.

ఖాళీ కొలిచేటప్పుడు ఇంజను కదలదని అనుకోకూడదు. క్లచ్ వదిలినప్పుడు, గతుకుల్లో పడినప్పుడు అది మౌంటింగుల మీద ముందుకీ పక్కకీ ఊగుతుంది. రబ్బరు చచ్చిపోయిన మౌంటింగులు అయితే ఇంకా ఎక్కువగా ఊగుతుంది. మా బండి ముందు మౌంటింగులు రెండూ మార్పించి, ఆ తరవాతే కొలతలు తీసుకున్నాం. ఫ్యాన్లు రేడియేటర్ వెనక, అంటే ఇంజను వైపు ఉండి గాలిని లాగే పద్ధతిలో పెట్టాం. ముందు పెట్టి తోసే పద్ధతి కూడా ఉంది కాని, ఫ్యాను చట్రమే ఎదురుగాలికి అడ్డుపడుతుంది.

షరౌడ్ గురించి కాస్త విపులంగా చెబుతాను, ఎందుకంటే చూసిన బండ్లలో ఎక్కువ వాటికి నష్టం ఇక్కడే జరుగుతోంది. ఫ్యానును తిన్నగా రేడియేటర్ కోరుకు ఆనించి, ప్లాస్టిక్ టైలను రెక్కల మధ్యగా దూర్చి బిగించేవాళ్ళు ఉన్నారు. అప్పుడు ఫ్యాను తన చక్రం ఉన్నంత మేరకే గాలి లాగుతుంది, మిగతా కోరు ఊరికే ఉంటుంది. పైగా బండి అదురుకు ఆ టైలు రాపిడి పెట్టి ఇత్తడి గొట్టానికి చిల్లు పెడతాయి. షరౌడ్ అంటే కోరు మొత్తాన్ని వెనక నుంచి మూసి, ఫ్యాను ఉన్న చోట మాత్రమే దారి వదిలే రేకు పెట్టె. గాలి ఎప్పుడూ తేలికైన దారినే వెతుక్కుంటుంది. అంచున వేలెడు సందు ఉన్నా ఫ్యాను కోరు గుండా లాగడం మాని ఆ సందు నుంచే లాగుతుంది. బోదెకు మధ్యలో గండి పడితే శివారు చేలకు నీరందనట్లే, సందున్న షరౌడ్‌లో కోరు మూలలకు గాలి అందదు.

మాకు రేకు పని చేసే ఆయన 2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుతో షరౌడ్ కట్టారు. కోరు నుంచి ఫ్యాను రెక్క వరకు సుమారు 5 సెంటీమీటర్ల లోతు వదిలించాను. ఆ లోతులోనే గాలి మూలల నుంచి మధ్యకు చేరుతుంది. అంచు చుట్టూ స్పాంజి రబ్బరు పట్టీ అతికించి, షరౌడ్‌ను కోరుకు కాకుండా రేడియేటర్ పక్క పట్టీలకు బోల్టులతో బిగించాం. పై రెండు మూలల్లో అరచేతి పాటి కిటికీలు కోయించి వాటికి రబ్బరు తలుపులు వేలాడదీయించాను. ఫ్యాన్లు తిరుగుతుంటే ఆ రబ్బరు లోపలికి లాక్కుని కిటికీ మూసుకుంటుంది, హైవే మీద ఎదురుగాలి బలంగా వస్తే తెరుచుకుని గాలిని బయటికి పోనిస్తుంది. అవి లేకపోతే వేగంగా పోయేటప్పుడు షరౌడే గాలికి అడ్డుగోడ అవుతుంది.

పాత ఫ్యానును విప్పేటప్పుడు ఒక సంగతి గమనించాలి. దాన్ని పట్టుకున్న నాలుగు బోల్టులే బెల్టు తిరిగే కప్పీనీ హబ్బుకు పట్టి ఉంచుతాయి. ఫ్యాను తీసేశాక అవే బోల్టులు తిరిగి బిగిస్తే ఫ్యాను మందం మేరకు లోపలికి పోయి అడుగు తాకుతాయి. చేతికి బిగుసుకున్నట్లే ఉంటుంది కాని కప్పీ వదులుగా ఉండిపోతుంది. తక్కువ పొడవున్న గట్టి గ్రేడు బోల్టులు, స్ప్రింగు వాషర్లతో వేశాం. వాటర్ పంపుకూ, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కూ బెల్టు ఎప్పటిలాగే ఉండాలి, దాని బిగువు మళ్ళీ సరిచూడాలి.

అసలు కష్టం ఆల్టర్నేటర్ దగ్గర వచ్చింది. జంట ఫ్యాన్లను బ్యాటరీకి కలిపి, కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెడితే, తిరగడం మొదలైన క్షణంలో 50 ఆంపియర్లు దాటి, నిలకడగా తిరిగేటప్పుడు 24 దగ్గర ఆగింది. మా పాత ఆల్టర్నేటర్ మీద రాసి ఉన్న సామర్థ్యం 45 ఆంపియర్లు. రాత్రివేళ హెడ్‌లైట్లకు 10, వైపర్లకు మరో 4 లేదా 5 పోతే లెక్కకు ఇంకా మిగులు ఉన్నట్లే కనబడుతుంది. ఆ 45 ఇంజను మంచి వేగం మీద ఉన్నప్పటి మాట. ఐడిలింగులో, అంటే ఇంజను ఊరికే మెల్లగా తిరిగేటప్పుడు, ఆల్టర్నేటర్ అందులో సగం ఇవ్వడం కూడా గగనమే. పాత ఫ్యానుకు ఉన్న బలహీనతే కొత్త రూపంలో తిరిగి వస్తోందన్నమాట. నెమ్మదిగా పోయేటప్పుడు గాలి కావాలని ఫ్యాన్లు మారిస్తే, నెమ్మదిగా పోయేటప్పుడే కరెంటు తక్కువ పడుతోంది. ఆ లోటును బ్యాటరీ పూడుస్తుంది, బ్యాటరీ పూర్తిగా నిండే అవకాశం రాక కొన్ని నెలల్లోనే దెబ్బతింటుంది.

పెద్ద ఆల్టర్నేటర్ అంటే పాత సామాన్ల దుకాణంలో కారు ఆల్టర్నేటర్లు చాలా దొరుకుతాయి. మా ఆల్టర్నేటర్ వెనకే బ్రేకు వాక్యూమ్ పంపు కలిసి ఉంటుంది. పెట్రోలు ఇంజనులో మాదిరిగా డీజిల్ ఇంజను మ్యానిఫోల్డులో వాక్యూమ్ పుట్టదు, బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టరుకు కావలసిన వాక్యూమ్ ఈ పంపే ఇవ్వాలి. కరెంటు ఎక్కువ ఇస్తుందని వాక్యూమ్ పంపు లేని ఆల్టర్నేటర్ వేస్తే, లోడు బండికి బ్రేకు రాయిలా గట్టిపడుతుంది. ఈ ఒక్క విషయంలో సర్దుబాటుకు చోటు లేదు. వాక్యూమ్ పంపుతో వచ్చే 75 ఆంపియర్ల ఆల్టర్నేటర్, అదే బ్రాకెట్టుకు సరిపోయేది, వెతికి వేయించాను. మొత్తం ఖర్చులో పెద్ద భాగం దీనిదే. పంపుకు పోయే ఆయిలు పైపుల యూనియన్లు కొత్త వాషర్లతో బిగించి, ఇంజను ఆపి బ్రేకు రెండు మూడు సార్లు తొక్కి, పెడలు మీద కాలు ఉంచి స్టార్టు చేస్తే పెడలు కాస్త కిందికి దిగిందో లేదో చూశాకే బండి కదిలించాం.

వైరింగు చేసిన ఎలక్ట్రీషియన్ మా ఊరి కుర్రవాడు, పని మీద శ్రద్ధ ఉన్నవాడు. "బాబాయ్, ఫ్యాను మంచిదా కాదా అన్నది వైరు చెబుతుంది," అన్నాడు. ఆ మాట మీటరు మీద చూపించాడు కూడా. బ్యాటరీ నుంచి ఫ్యాన్ల దాకా పోను రాను ఆరు మీటర్ల వైరు. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడితే 24 ఆంపియర్ల దగ్గర ఒక వోల్టుకు పైగా దారిలోనే పోతుంది, ఫ్యాను ఆ మేరకు నెమ్మదిస్తుంది, వైరు వేడెక్కుతుంది. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో ఆ నష్టం అర వోల్టు లోపే ఉంటుంది. బ్యాటరీ పక్కనే మెయిన్ ఫ్యూజు, అక్కడి నుంచి రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు), ఒక్కో ఫ్యానుకు ఒక్కో రిలే, ఒక్కో ఫ్యూజు. రిలేలో 30వ కాలికి బ్యాటరీ, 87కు ఫ్యాను, 85, 86 కాళ్ళ మధ్య కాయిలు. కాయిలుకు కరెంటు తాళం తిప్పితేనే వచ్చేటట్లు చేశాం కాబట్టి బండి ఆపాక ఫ్యాన్లు తిరుగుతూ బ్యాటరీ తాగేయడం ఉండదు. మైనస్ వైర్లను ఛాసిస్‌కు కాకుండా నేరుగా బ్యాటరీకే తెచ్చాం. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో ఛాసిస్ ఎర్తు బోల్టు కింద తుప్పు ఎప్పుడు చేరుతుందో చెప్పలేం. అదే కారణంగా ప్రతి లగ్గునూ క్రింపు చేసి, స్లీవు వేసి, కనెక్టర్లలో గ్రీజు పెట్టాం.

ఫ్యాన్లు ఎప్పుడు తిరగాలో నిర్ణయించేది థర్మో స్విచ్చి. ఇంజను వేడెక్కాక నీళ్ళను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ వాల్వు మీద 82 డిగ్రీలని చెక్కి ఉంది. ఫ్యాన్లు అంతకంటే తక్కువ వేడి దగ్గరే మొదలైతే వాల్వు మూసుకోవాలని చూస్తుంది, ఫ్యాన్లు ఊరికే తిరుగుతూ ఉంటాయి, ఇంజను ఎప్పటికీ సరైన వేడికి చేరదు. మరీ ఎక్కువ వేడి దగ్గర పెడితే నీరు మరిగేలోపు వ్యవధి ఉండదు. 92 డిగ్రీల దగ్గర కలిసి 87 దగ్గర విడిపోయే స్విచ్చి తీసుకుని, పై హోస్ పైపు మధ్యలో మర ఉన్న చిన్న లోహపు గొట్టం వేసి అందులో బిగించాం. 102 దగ్గర కలిసే రెండో స్విచ్చికి క్యాబిన్‌లో బజరు పెట్టించాను. పాత ఫ్యాను బెల్టుతో తిరిగేది కాబట్టి ఆగిపోతే బెల్టు తెగినట్లు వెంటనే తెలిసేది. కరెంటు ఫ్యాను చప్పుడు లేకుండా ఆగిపోగలదు, చెప్పే ఏర్పాటు మనమే చేసుకోవాలి. ఫ్యాన్లను చేత్తో మార్చుకునే మీట ఒకటి, అవి తిరిగేటప్పుడు డాష్‌బోర్డు మీద వెలిగే దీపం ఒకటి పెట్టించాను. ఆ దీపానికి కరెంటు మీట నుంచి కాక ఫ్యాను ప్లస్ వైరు నుంచే తీసుకోవడం కూడా ఇందుకే. మీట వేసి ఉన్నా ఫ్యూజు పోతే దీపం వెలగదు.

మీటకు మూడు స్థానాలు ఉన్నాయి: ఆటో, ఎప్పుడూ, పూర్తిగా బంద్. బంద్ స్థానం ఎందుకని అడిగిన వాళ్ళకు లంక ఊళ్ళ సంగతి గుర్తు చేశాను. వరదల్లో కాజ్‌వేల మీద నీళ్ళు పారుతున్నప్పుడు బండి దించాల్సి వస్తే, బెల్టు ఫ్యాను నీటిలో మునిగి కూడా తిరుగుతూనే ఉంటుంది. నీటి బలానికి దాని రెక్కలు ముందుకు వంగి రేడియేటర్ కోరును కోసేస్తాయి. అది ఆగాలంటే బెల్టు తీయాలి, బెల్టు తీస్తే పంపు ఆగుతుంది. ఇప్పుడు నీటి ముందు మీట బంద్ చేసి, అవతలి గట్టెక్కాక నీరు కారిపోయేదాకా ఒక నిమిషం ఆగి ఆటోలో పెడుతున్నాను. నీటి లోతు తెలియని చోట దిగడం ఏ ఫ్యానుతోనైనా తగదని వేరే చెప్పనక్కరలేదు.

చివరగా, ఫ్యాన్లు సరైన వైపు తిరుగుతున్నాయో లేదో ముందు వైపు గ్రిల్లు దగ్గర వార్తాపత్రిక ముక్క పట్టుకుని చూశాం. కోరుకు అతుక్కుని నిలిచింది. ప్లస్ మైనస్ తారుమారైతే ఇదే ఫ్యాను వెనక నుంచి ముందుకు ఊదుతుంది, హైవే మీద ఎదురుగాలితో పోట్లాడుతుంది, మీటరు చూస్తే గాని తెలియదు.

ఆ తరవాత మొదటి పెద్ద పరీక్ష రోహిణి కార్తెలో కొబ్బరికాయల లోడుతో వచ్చింది. పి.గన్నవరం వైపు తోట నుంచి గట్టు మీదుగా అంబాజీపేటకు, ఎండ నడినెత్తిన ఉన్న వేళ. ఒక మలుపు దగ్గర ఎదురుగా వరి గడ్డి వేసుకుని ట్రాక్టరు వచ్చి, గట్టు మీద ఇద్దరమూ ఇరుక్కుని చాలాసేపు ఐడిలింగులో నిలబడ్డాం. ముల్లు మెల్లగా పైకి లేచింది, దీపం వెలిగింది, ఇంజను చప్పుడు మీద ఫ్యాన్ల హోరు వినిపించింది. రెండు నిమిషాలలోపే ముల్లు మధ్యకు దిగి ఫ్యాన్లు ఆగాయి, కాసేపటికి మళ్ళీ మొదలయ్యాయి. అలా ఎన్నిసార్లు తిరిగినా బజరు మాత్రం మోగలేదు. వోల్టు మీటరు 13.9 నుంచి 13.3కు దిగి అక్కడ నిలిచింది. 12.6 కంటే కిందికి దిగి ఉంటే బ్యాటరీ ఖర్చవుతున్నట్లు లెక్క.

హైవే మీద ఫ్యాన్లు దాదాపు తిరగవు. చించినాడ వంతెన, సిద్ధాంతం వంతెన ఎక్కేటప్పుడు కూడా వాటి అవసరం పెద్దగా రాదు. ఫ్యాన్లు తిరిగినప్పుడు అయ్యే ఖర్చు లెక్క వేస్తే, 24 ఆంపియర్లు, 13.5 వోల్టులు అంటే సుమారు 325 వాట్లు. ఆల్టర్నేటర్‌లో పోయే నష్టం కలుపుకున్నా ఇంజను మీద పడేది ఒక హార్స్‌పవర్ లోపే, అది కూడా తిరిగినంతసేపే. దీనివల్ల డీజిలు బోలెడు మిగులుతుందని ఆశపెట్టి ఈ పని అమ్మజూపే వాళ్ళ మాట నమ్మవద్దు. మా రోడ్ల మీద తక్కువ వేగంతో నడిచే బండిలో పాత ఫ్యాను తినేదీ తక్కువే. నాకు దక్కిన లాభం వేడి అదుపులో ఉండడం, ధనుర్మాసం మంచులో పొద్దున్నే ఇంజను త్వరగా వేడెక్కడం, ఎప్పుడూ ఉండే ఆ ఫ్యాను రొద పోయి ట్యాపెట్ల చప్పుడు, బెల్టు కీచు స్పష్టంగా వినబడడం. తేడా వచ్చిన శబ్దాన్ని ముందే పట్టుకోగలగడం పాత బండికి చాలా విలువైనది.

ఇప్పుడు నెలకోసారి కనెక్టర్లు విప్పి పచ్చటి చిలుము పట్టిందేమో చూస్తాను, షరౌడ్ అంచు రబ్బరును తడుముతాను, మీట "ఎప్పుడూ"లో పెట్టి రెండు ఫ్యాన్లూ తిరుగుతున్నాయో లేదో చూస్తాను. కోతల తరవాత రెక్కల మధ్య పొట్టు కడిగించడం మానను. రిలే ఒకటి, ఫ్యూజులు కొన్ని, పాత బోల్టులు, పాత ఫ్యాను బండిలోనే పెట్టెలో ఉంటాయి. షరౌడ్ తీసేస్తే పాత ఫ్యానును దారిలోనే తిరిగి బిగించుకోవచ్చు.

మా బండి చూసి మా బావమరిది తన లారీకి కూడా ఇదే చేయిద్దామన్నాడు. అతని బండి మా బండికంటే పెద్దది, 24 వోల్టులది, రాజమండ్రి నుంచి రంపచోడవరం, మారేడుమిల్లి మీదుగా చింతూరు వైపు నిండు లోడుతో ఘాట్ ఎక్కుతుంది. అక్కడ బండి నెమ్మదిగా పోయినా కింది గేరులో ఇంజను మాత్రం పూర్తి వేగం మీద, పూర్తి బరువు లాగుతూ గంటసేపు తిరుగుతుంది. ఆ వేడిని తీసేయడానికి కావలసినంత గాలి కారు ఫ్యాన్లు రెండు కాదు కదా నాలుగైనా లాగలేవు. ఇంజను వేగం మీద తిరిగే బెల్టు ఫ్యాను సరిగ్గా అక్కడే తన పూర్తి బలం చూపిస్తుంది. అతని బండికి ఈ మార్పు వద్దని చెప్పి, రేడియేటర్ విప్పించి గొట్టాలు శుభ్రం చేయించాం, పగిలిన పాత షరౌడ్‌ను బాగు చేయించాం, సాగిపోయిన బెల్టు మార్చాం. ఫ్యాను మాత్రం పాతదే ఉంచాం.